తపస్సు మాను మీది నిమ్మకాయ

పోయిన వస్తువును వెతకడంలో అతన్ని మించిన మనిషిని నేను చూడలేదు. తీసింది అతనే కాబట్టి వెతుకులాటలో తొందర ఉండేది కాదు. చాప ఎత్తి చూసేవాడు, రేకుపెట్టె జరిపి చూసేవాడు, హార్మోనియం కింద చెయ్యి పెట్టి తడిమేవాడు. "యాడికి పోతాది అయివారా, ఈడే ఉంటాది, మీరు కూర్సోండి," అని నన్ను కూర్చోబెట్టి తాను మోకాళ్ల మీద పాకుతూ చెమటలు కక్కేవాడు. అలా గంటసేపు వెతికాక ఒక్కోసారి దొరికేది కూడా. "ఇదిగో, సూసినారా!" అని నా చేతిలో పెట్టి, నాకంటే ఎక్కువ సంతోషపడేవాడు. అద్దం, రంగు డబ్బా, సగం అరిగిన సబ్బు, పిన్నీసుల అట్ట. ఇంతకు మించిన దొంగతనం అతను చేసినట్టు నాకు తెలియదు, ఒక్కసారి తప్ప.

పోయిన నెలలో, బడిలో పిల్లల అన్నాలవేళ, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడమనిషి గొంతు.

"ధర్మరాజు అయివారేనా మాట్లాడేది?"

ఆ పేరుతో నన్ను పిలిచి చాలా ఏళ్లయింది. అవునన్నాను.

"మా ఆయన పొయ్యినాడు. టెంకాయ మాను మింద నుంచి పడినాడు. మీకు సెప్పాలనిపించింది."

మీ ఆయన ఎవరమ్మా అని అడిగాను. ఏదో పేరు చెప్పింది. ఆ పేరు నేనెప్పుడూ విని ఉండలేదు. తెలియదమ్మా అంటే, "మీ భారతంలో ఉండేవాడే, ఏ యేసమిస్తే ఆ యేసం కట్టేవాడు," అంది. అప్పుడు అర్థమైంది. మా మేళం కరపత్రం ఒకటి ఇంట్లో ఉంటే దాని అడుగున ఉన్న నా నంబరు చూసి చేసిందట.

అతనికి పలమనేరులో ఒక పేరు ఉండేది, చిత్తూరులో ఇంకొకటి. ఏది అసలుదో మాలో ఎవరూ అడగలేదు. మేం అచ్చు వేయించే కరపత్రాల్లో భీముడి పేరుండేది, ద్రౌపది వేషం కట్టే దర్జీ పేరుండేది, మైకుసెట్టు అతని పేరు కూడా ఉండేది. ఇతని పేరు ఏనాడూ పడలేదు. ఇప్పుడు కొత్తగా తెలిసిన పేరును ఇక్కడ రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మా వైపు పల్లెల్లో ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, పొద్దుగూకినాక నాటకం. ఆ పద్దెనిమిది రోజులూ వేషగాళ్లకు జనం ఇచ్చే మర్యాద చెప్పనలవి కాదు. మా భీముడు పలమనేరులో పంక్చర్లు వేసుకునే మనిషి. అర్జునుడు పాలకేంద్రంలో క్యాన్లు మోసేవాడు. నేను బడిపంతులును, మా వైపు మాటలో అయివారిని, కట్టేది ధర్మరాజు వేషం. ముఖానికి రంగు పడిందంటే ముసలమ్మలు వచ్చి మా కాళ్లకు మొక్కేవాళ్లు. భీముడు టీకొట్టు ముందు నిలబడితే బెంచీ మీద ఉన్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. నన్ను చూసి అన్నదమ్ముల తగాదా తీర్చమని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నేను నవ్వుతూనే ఆ తగాదా తీర్చేవాణ్ణి. ఆ గౌరవం ఎంత రుచిగా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు.

ఇంతమంది వీరుల మధ్య అతనొక్కడే మామూలు మనిషి. ద్వారపాలకుడు అతనే, లేడిపిల్ల అతనే, యుద్ధంలో పడున్న శవమూ అతనే. రంగు వేసుకున్నా అతని కాళ్లకు ఎవరూ మొక్కలేదు. ఎవరైనా పొరపాటున వంగితే, "నాకు గాదు, ఆయనకు," అని మా వైపు చూపించేవాడు. వాళ్లు ఇటు తిరిగేలోపు వాళ్ల చెప్పు ఒకటి మాయమయ్యేది.

ఒకటే, రెండు కాదు. మా అందరి చెప్పుల్లోనూ ఒక్కొక్కటి పోయింది. ఒంటిచెప్పుతో ఏం చేసుకుంటావురా అని ఒకసారి చనువుగానే అడిగాను. అతను ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. "రెండూ పోతే దొంగ అంటారు అయివారా. ఒకటి పోతే కుక్క అంటారు," అన్నాడు. అని నవ్వాడు. నవ్వేటప్పుడు చేత్తో నోరు మూసుకునే అలవాటుండేది.

నా పద్యాలు కూడా దొంగిలించాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో తెలియదు గానీ, పక్కన బల్లెం పట్టుకుని నిలబడి, నేను రాగం తీసి ఊపిరి పీల్చుకునేలోపు ఆఖరి పాదం తాను ఎత్తుకునేవాడు. ద్వారపాలకుడు ధర్మరాజు పద్యం పాడటమేమిటని జనం నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. తర్వాత తిడితే, "నోట్లో ఉండాది, కారిపొయ్యింది," అనేవాడు. అందరి పద్యాలూ అతనికి వచ్చు. ఎవరికి జ్వరం వచ్చినా ఆ పూటకు అతనే దిక్కు. అయినా మర్నాడు ఆ జ్వరం వచ్చినవాడు తన పెట్టెకు తాళం వేసుకునే వెళ్లేవాడు. చేతివాటం ఉన్న మనిషిని ఎంతవరకు దగ్గరికి తీయాలో మాకు బాగా తెలుసని అనుకునేవాళ్లం.

పన్నెండేళ్ల కిందటి మాట ఇక చెప్పాలి.

భారతంలో ఒకరోజు పట్టపగలు అర్జునుడి తపస్సు ఉంటుంది. భారతమిట్ట మీద తాటిమాను ఒకటి పాతి, పొడుగునా మెట్లు కొడతారు. అర్జునుడు కాషాయం కట్టి, తలకు జడలు పెట్టుకుని, మెట్టుకొక పద్యం పాడుతూ కొసదాకా ఎక్కాలి. పిల్లలు లేని ఆడవాళ్లు తలారా నీళ్లు పోసుకుని, ఆ తడిచీరలతోనే మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. వరపడటం అంటారు దాన్ని. పైనుంచి అర్జునుడు జోలెలోని విభూతి, పూలు, మారేడు ఆకులు విసిరే వేళకు లేచి కూర్చుని కొంగు పడతారు. అన్నీ అయ్యాక చివర్లో ఒకే ఒక్క నిమ్మకాయ. పొద్దున గుళ్లో ద్రౌపదమ్మ పాదాల దగ్గర పెట్టి తీసింది. అది ఎవరి కొంగులో పడితే వాళ్లకు ఏడాది తిరిగేలోపు బిడ్డ అని మా వైపు నమ్మకం.

నా భార్య ప్రమీల అప్పటికి రెండేళ్లు వరపడింది. పెళ్లై పదకొండేళ్లు. తిరుపతిలో చూపించని డాక్టరు లేడు. మొదటి ఏడాది నిమ్మకాయ ఆమెకు నాలుగు మూరల దూరంలో పడింది. రెండో ఏడాది పక్కామె కొంగులో పడింది. మూడో ఏడు నాతో గట్టిగా చెప్పింది. "ఇదే కడాసారి. ఇంక ఆ బురదలో నేను పడుకోను. నాకు సిగ్గవుతా ఉండాది."

అదే ఏడాది మా అర్జునుడికి మోకాళ్లు పట్టేశాయి. ఇరవై ఏళ్లు ఎక్కిన మనిషి నాలుగు మెట్లకే ఆగిపోయాడు. పద్యాలన్నీ వచ్చి, మాను ఎక్కగలిగినవాడు మేళంలో ఒక్కడే. పెద్దమనుషులు ససేమిరా అన్నారు. దొంగను అర్జునుణ్ణి చేసి మాను ఎక్కిస్తే ఊరికి అరిష్టమన్నారు.

ఆ సాయంత్రం వేషాల పాక వెనక అతన్ని పట్టుకున్నాను. రాతి మీద రంగు నూరుతున్నాడు. నిన్ను నేను మాను ఎక్కిస్తాను, ఆ నిమ్మకాయ మాత్రం ప్రమీల కొంగులో పడాలి అన్నాను. నలభై మంది ఆడవాళ్లు తడిబట్టలతో పడుకునే చోట, వాళ్లందరి వంతూ కాజేసి నా భార్యకు ఇమ్మని అడిగానన్నమాట.

అతను నూరడం ఆపాడు.

"మీరు ధర్మరాజు గదా అయివారా," అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"సరే. అట్లే ఏస్తా. దానికి మీరొక మాట సెప్పాల. పెద్దమనుసుల ముందర, వీడు నమ్మకమైన మనిసి అని సెప్పాల. నన్ను గురించి ఎవురూ ఆ మాట అనింది లేదు."

చెప్పాను. మర్నాడు పొద్దున అందరి ముందూ నిలబడి, ఇతనికి నాది పూచీ అన్నాను. ధర్మరాజు పూచీ పడితే కాదనేవాళ్లెవరు? అతని చేతికి కంకణం కట్టారు. అప్పటికే అతని మనసులో వేరే ఆలోచన ఉందో, పైకి ఎక్కాక పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు అతను పాడినట్టు మా మిట్ట మీద ఇంకెవరూ పాడలేదు. వెక్కిరింత లేదు, దొంగచూపు లేదు. ఒక్కో మెట్టు ఎక్కి, ఒక్కో పద్యం పాడి, దండం పెట్టుకుని పైకి పోతుంటే జనం గప్‌చుప్. మా పాత అర్జునుడు నా పక్కన నిలబడి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. కొసకు చేరి కూర్చున్నాక ఎండలో మనిషి చిన్నగా కనబడ్డాడు. ప్రమీలకు నేను ముందే చెప్పి ఉంచాను. కొంగు బాగా పరుచుకో, ఈసారి నీ ఒళ్లోనే పడుతుంది అని. ఎట్లా అని ఆమె అడగలేదు. అడగకుండానే తెలుసుకుని ఉంటుంది. తూర్పు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా కొంగు చాపి, నోరు కొంచెం తెరుచుకుని పైకి చూస్తోంది. పదకొండేళ్లలో ఆమె ముఖంలో అంత ధీమా నేను చూడలేదు.

విభూతి పడింది. పూలు పడ్డాయి. ఆకులు పడ్డాయి. అతను జోలెలో చెయ్యి పెట్టాడు, తీశాడు, గట్టిగా విసిరినట్టు చెయ్యి ఊపాడు. అందరూ ఒక్కసారి లేచి అరిచారు. కింద ఏమీ పడలేదు.

"ఎవురికి పడింది? ఎవురికి?" అని పెద్దమనిషి మైకులో అడుగుతున్నాడు. ఎవరూ పలకలేదు. అతను దిగివచ్చాడు. "ఏసినానే! అటు పక్క పడింది, నేను సూసినా," అన్నాడు. అని మోకాళ్ల మీద వంగి, ఆ బురదలో, తడిచీరల మధ్య పాకుతూ వెతకడం మొదలుపెట్టాడు. చాప ఎత్తినట్టే మారేడు ఆకులు ఎత్తి చూస్తున్నాడు. "యాడికి పోతాది, ఈడే ఉంటాది," అంటున్నాడు. ప్రమీల ఇంకా కొంగు దించలేదు. ఆమె ముందుకు వచ్చి, ఆమె మోకాళ్ల దగ్గరి మట్టి కూడా చేత్తో తిప్పి చూశాడు. ఆమె ముఖం వైపు మాత్రం చూడలేదు.

ఆ వెతుకులాట నాకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు.

భీముడు వచ్చి మెడ పట్టుకుని లేపాడు. జోలె వెతికారు, నడుం తడిమారు. దొరకలేదు. మొదటి దెబ్బ ఎవరు కొట్టారో చూడలేదు. తర్వాత చాలామంది కొట్టారు, ఆడవాళ్లు కూడా. కొడుతుంటే అతను ఒక్కమాటే అన్నాడు.

"అయివారికి తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణంలో అతను నోరు తెరిచి ఇంకొక్క ముక్క చెప్పి ఉంటే నా బతుకు బజారున పడేది. నిమ్మకాయ తన భార్యకు వేయమని ఈ అయివారే నన్ను బతిమాలాడని చెప్తే చాలు. నేను తొందరపడ్డాను. "నాకేం తెలుసు? వాడు దొంగే. నా పూచీ ఎనక్కి తీసుకుంటా ఉండా," అన్నాను. అతను నన్ను చూశాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. దేన్నీ దాచుకోని నోరు, అందరి పద్యాలూ కారిపోయే నోరు, ఆ ఒక్కదాన్ని మాత్రం దాచింది.

కంకణం తెంపి వేషంతోనే తరిమేశారు. మిట్ట దిగి పోతూ ఒకసారి తలమీది జడలు సర్దుకున్నాడు. ఆ జడలు కూడా ఎత్తుకుపోయాడని మర్నాడు మేం తిట్టుకున్నాం. తర్వాత అతను మేళానికి రాలేదు. నేనూ మరుసటి ఏడాది ధర్మరాజు వేషం మానేశాను. ఎందుకని అడిగినవాళ్లకు గొంతు పోయిందని చెప్పాను. ప్రమీల ఆ రోజు చీర ఉతికి ఆరేసింది. మళ్లీ వరపడలేదు. నిమ్మకాయ ఊసు కూడా ఎత్తలేదు.

ఆ ఫోను తర్వాతి ఆదివారం వాళ్లుంటున్న ఏర్పేడు పోయాను. రోడ్డుకు దూరంగా రేకులిల్లు. ఆమె గడపలో కూర్చుని ఉంది, నలభై ఏళ్లుంటాయి. నన్ను చూసి లేచి నులకమంచం వాల్చింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"తోటాయన టెంకాయలు దించను కూలికి పిలిస్తేనే పొయ్యినాడు. పడినాక, దొంగతనానికి ఎక్కినాడంటా ఉండాడు. నేను సెప్తే ఎవురు నమ్ముతారు?" అంది. ఏడవలేదు. ఏడవడం అయిపోయినట్టుంది.

లోపలికి పోయి రేకుపెట్టె ఒకటి ఈడ్చుకొచ్చి మూత తీసింది. ఒంటిచెప్పులు, వరసగా పేర్చినవి. అద్దాలు, పిన్నీసుల అట్టలు, ద్రౌపది సవరం, భీముడి మీసం, ఆనాటి జడలు. దేన్నీ వాడలేదు. నా పాత చెప్పు నేను గుర్తుపట్టాను.

"ముట్టుకోనిచ్చేవాడు గాదు. వాళ్లు మళ్లా పిలుస్తారు, అప్పుడు దొరికిందని ఇచ్చేస్తా అనేవాడు. పన్నెండేండ్లు సూసినాడు. మీరే తీసకపోయి ఎవురివి వాళ్లకు ఇచ్చేయండి."

సరేనన్నాను. ఆమె ఇంకా ఏదో చెప్పాలని నిలబడింది. కొంగు ముడి విప్పి అరచెయ్యి చాపింది. గోలీకాయంత, నల్లగా ఎండి గట్టిపడిన నిమ్మకాయ.

"ఒకసారి నేనూ వరపడతానంటే ఒద్దన్న్యాడు. దొంగ పెండ్లామని ఎవురన్నా లేపేస్తారని. ఆ పొద్దు ఒళ్లంతా దెబ్బలతో వచ్చినాడు. జడల్లోంచి దీన్ని తీసి నా సేతిలో పెట్టినాడు. ధర్మరాజు అయివారు ఇచ్చినాడే, ఆయన సేత్తో ఇచ్చినాడు, ఇది దొంగసొత్తు గాదు అన్న్యాడు. బిడ్డ కలగలేదు. అది సరే, నా రాత. కానీ అయివారా..." అరచెయ్యి ఇంకాస్త ముందుకు చాపింది. "ఇంట్లో ఏది ముట్టుకున్నా ఇంకొకరిదే. ఇదొక్కటే మాది అనుకుంటా ఉండా. ఈ మాటడిగేదానికే మీకు ఫోన్ జేసినా. సచ్చిపొయ్యినోడి మింద ఆన, నిజం సెప్పండి. మీరిచ్చిందేనా?"

పొద్దు నెత్తి మీద ఉంది. ఆమె చెయ్యి అలాగే చాచి ఉంది. పోయిన మనిషి పాకుతూ వెతికిన బురద, కొంగు చాపిన ప్రమీల, నాకేం తెలుసు అన్న నా గొంతు, అన్నీ నాకు గుర్తొచ్చాయి.

"నేనే ఇచ్చినానమ్మా. నా చేత్తో ఇచ్చినా," అన్నాను.

ఆమె నిమ్మకాయను మళ్లీ కొంగున ముడివేసుకుంది. రెండుసార్లు లాగి చూసుకుంది. పెట్టెను బస్సుదాకా తానే మోసుకొచ్చింది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. ప్రమీల పెట్టె మూత తీసి, ఒంటిచెప్పులు చూసింది, జడలు చూసింది. ఎవరివి, ఎక్కడివి అని అడగలేదు. జడలు పైకెత్తి దులిపింది. పన్నెండేళ్లలో మొదటిసారి అప్పుడు అడిగింది.

"ఆ నిమ్మకాయ దీంట్లో ఉండాదేమో సూసినావా?"

"లేదే," అన్నాను. "సూడలేదు."

ఆమె నేల మీద కూర్చుని ఒక్కో చెప్పూ తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నేనూ మోకాళ్ల మీద వంగాను. అద్దాలు జరిపాను, సవరం విదిల్చాను, పెట్టె బోర్లించి మూలల్లో వేళ్లు పెట్టి తడిమాను. ఆమె ఇక చాలనేదాకా, చెమటలు కక్కుతూ వెతికాను.